ఊయల లేని ఉక్కు నగరం

విశాఖపట్నానికి ఇప్పుడు పెట్టుబడుల ఋతువు. 2025 అక్టోబరులో గూగుల్ సంస్థ అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు వెచ్చించి ఇక్కడ డేటా కేంద్రం నెలకొల్పుతానని ప్రకటించింది. మరుసటి నెలలోనే భాగస్వామ్య సదస్సు అట్టహాసంగా జరిగింది. అంతకుముందే ఒక పెద్ద ఐటీ సంస్థకు ఇరవై ఎకరాలకు పైగా భూమిని 99 పైసల నామమాత్రపు ధరకు కేటాయించారు. దేశంలో తొలివిడతగా ఎంచుకున్న వృద్ధి కేంద్రాలలో విశాఖ ప్రాంతాన్ని నీతి ఆయోగ్ చేర్చింది. ఈ ప్రకటనలలో భూమి గురించి ఉంది, నీటి గురించి ఉంది, విద్యుత్తు, రహదారులు, సముద్రగర్భ కేబుళ్ల గురించి ఉంది. పనికి వెళ్లే తల్లి తన పాలు తాగే బిడ్డను ఎక్కడ దించి వెళ్లాలన్న విషయం మాత్రం ఏ పత్రంలోనూ కనిపించదు. పెట్టుబడుల చర్చలోకి ఉయ్యాలను తీసుకురావడం కొందరికి అసందర్భంగా తోచవచ్చు. కానీ ఏ ప్రాంతం ఎంత వేగంగా ఎదుగుతుందన్నది అక్కడి మనుషులలో ఎంతమంది పనిచేయగలరు, ఎంతకాలం చేయగలరు, వారి పిల్లలు ఎలా పెరుగుతున్నారు అన్న వాటిపైనే ఆధారపడి ఉంటుంది. ఆ లెక్క తీస్తే ఈ నగరంలో మొదట కనిపించేది కులం.

సూర్యుడు లేవకముందే ఈ నగరాన్ని లేపేవారు ఎవరో చూడండి. సముద్రతీర రహదారిని, కాలనీల వీధులను ఊడ్చే మహిళలలో అత్యధికులు రెల్లి కులస్థులు. 2025లో రాష్ట్ర ప్రభుత్వం తెచ్చిన ఎస్సీ వర్గీకరణలో ఒక శాతం వాటా దక్కిన మొదటి గ్రూపు వారు. చేపల రేవులో తెల్లవారకముందే వేలంపాటకు నిలబడి, గంపలు నెత్తికెత్తుకుని వీధివీధి తిరిగేది జాలరి, వాడబలిజ స్త్రీలు. రొయ్యల పరిశ్రమలలో చల్లటి గచ్చు మీద గంటల తరబడి నిలబడి రొయ్యలు వలిచేవారు, అచ్యుతాపురం దుస్తుల పరిశ్రమలకు బస్సులెక్కే యువతులు, అపార్టుమెంట్లలో ఇంటిపని చేసేవారు, శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి వలస వచ్చి భవనాల దగ్గర ఇసుక మోసేవారు, వీరంతా దళిత, ఆదివాసీ, వెనుకబడిన కులాల స్త్రీలే. 2011 జనగణన నాటికి పది లక్షల జనాభా దాటిన నగరాలలో మురికివాడల కుటుంబాల వాటా అత్యధికంగా ఉన్నది మహా విశాఖలోనే: 44.1 శాతం. వీరిలో చాలామందికి పని ఉదయం తొమ్మిదికి ఎంతో ముందు మొదలవుతుంది, లేదా సాయంత్రం నాలుగు దాటాక ముగుస్తుంది. వీరికి ప్రభుత్వం చూపించే ఏకైక నీడ అయిన అంగన్‌వాడీ తెరిచేది తొమ్మిదింటికి, మూసేది నాలుగింటికి. ఆ ఏడు గంటలు కూడా మూడేళ్లు నిండిన పిల్లలకే. అంతకంటే చిన్నవారికి ఇంటికి తీసుకువెళ్లే పోషకాహారపు పొట్లం తప్ప అక్కడ చోటు లేదు.

ఆర్థికవేత్తలు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: భారతీయ స్త్రీలు పనికి ఎందుకు రావడం లేదు? 2023–24 శ్రామికశక్తి సర్వే ప్రకారం దేశంలో పదిహేనేళ్లు దాటిన స్త్రీలలో 41.7 శాతం మాత్రమే శ్రామికశక్తిలో ఉన్నారు. పట్టణాలలో ఆ వాటా 28 శాతమే. ఈ ప్రశ్న అడిగేవారి మనసులో ఉన్న స్త్రీ ఎవరన్నది నా సందేహం. కుటుంబానికి నాలుగు రాళ్లు చేరగానే ఆడవారిని పని మాన్పించి ఇంట కూర్చోబెట్టడం పరువుగా భావించే అలవాటును ఎం.ఎన్.శ్రీనివాస్ సంస్కృతీకరణ అన్న మాటతో వివరించి డెబ్బై ఏళ్లు దాటింది. పై కులాల వారు స్త్రీని గడప దాటనివ్వకపోవడాన్ని గౌరవంగా నిలిపారు. మధ్యస్థ కులాలు దాన్ని అనుకరించాయి. దళిత స్త్రీకి ఆ గౌరవం ఎన్నడూ అందుబాటులో లేదు, ఆమె దాన్ని కోరుకోనూ లేదు. ఆమె తరతరాలుగా పనికి వెళుతూనే ఉంది. ఆమె విషయంలో అడగవలసినది వేరు: ఆమె పనికి వెళ్లినప్పుడు ఆమె బిడ్డ ఎక్కడ ఉంటున్నాడు? కులం ఒకరిని పసిబిడ్డ పేరు చెప్పి ఇంట్లో బంధించింది, మరొకరిని పసిబిడ్డను వదిలేసి రమ్మని బయటకు నెట్టింది. రెండు చోట్లా బిడ్డ బాధ్యత తల్లిదే అన్న తీర్పు ఒక్కటే. 2024 కాల వినియోగ సర్వేలో, 15 నుంచి 59 ఏళ్ల వయసువారిలో ఇంట్లోవారి సంరక్షణకు స్త్రీలు రోజుకు 140 నిమిషాలు వెచ్చిస్తుంటే పురుషులు వెచ్చిస్తున్నది 74 నిమిషాలు. అది కూడా ఆ పనిలో పాలుపంచుకునే పురుషుల సగటు మాత్రమే. అసలు ముట్టనివారిని ఆ లెక్కలో కలపలేదు.

మధ్యతరగతి ఉద్యోగినుల సంగతి చెప్పకుండా దాటవేయడం న్యాయం కాదు. నేనూ ఆ తరగతిలోని వాడినే. మా ఇళ్లలో భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లగలుగుతున్నామంటే, మా పిల్లలకు అన్నం తినిపించి, జోకొట్టి, బడి బస్సు దగ్గర నిలబడే మరో స్త్రీ ఉన్నందువల్లనే. ఆమె దాదాపు ఎప్పుడూ మా కన్నా కింది మెట్టుగా సమాజం ఎంచిన కులం నుంచే వస్తుంది. ఆమె బిడ్డను చూసుకునేది ఆమె ముసలి తల్లి, లేదా ఆమె పెద్ద కూతురు. నగరంలో పసిపిల్లల సంరక్షణ అనే సేవ అచ్చంగా కులపు నిచ్చెన మీద ఒక్కో మెట్టూ కిందికి జారి, చివరికి తొమ్మిదేళ్ల ఆడపిల్ల చంకకు చేరుతుంది.

అలాంటి ఒక ఆడపిల్ల కొన్నేళ్ల క్రితం నా తరగతిలో విద్యార్థిని. చురుకైనది, మాటకారి, గణాంకాలంటే మాత్రం వణికేది. ఒకరోజు కారణం చెప్పింది. నాలుగో తరగతిలో ఉండగా తమ్ముడు పుట్టాడు. తల్లి మూడో నెలలోనే రొయ్యలు వలిచే పనికి తిరిగి వెళ్లింది. ఈమె ఏడాదిన్నర బడి మానేసి తమ్ముడిని ఎత్తుకుంది. భాగహారాలు, భిన్నాలు నేర్పే ఏడాదిన్నర అది. తర్వాత ఒక టీచరమ్మ పుణ్యమా అని మళ్లీ బడిలో చేరింది గానీ, ఆ ఖాళీ పీజీ దాకా ఆమె వెంట వచ్చింది. బడి హాజరు పట్టీలో ఆమె ‘డ్రాపవుట్’. బాలకార్మికుల లెక్కలో ఆమె లేదు, ఎందుకంటే ఇంట్లో తమ్ముడిని ఎత్తుకోవడాన్ని ఎవరూ పనిగా లెక్కించరు. తన తరగతిలోని మరి నలుగురు ఆడపిల్లలు ఇదే కారణంతో మానేశారని, తిరిగి రాలేదని ఆమె చెప్పింది. ఒక ప్రాంతం తన ఇంజనీర్లను, నర్సులను, అధ్యాపకులను పోగొట్టుకుంటున్నది ఇక్కడే. ఆ నష్టం ఏ స్థూల ఉత్పత్తి పట్టికలోనూ నమోదు కాదు.

రాజ్యాంగం ఈ విషయంలో ఏమన్నదో కూడా గుర్తుచేసుకోవాలి. తొలి రాజ్యాంగంలోని 45వ అధికరణం పద్నాలుగేళ్ల లోపు పిల్లలందరినీ, అంటే పసివారినీ కలుపుకుని, ఉచిత విద్య గురించి మాట్లాడింది. 1993లో ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం కేసులో సుప్రీంకోర్టు పద్నాలుగేళ్ల వరకూ విద్య ప్రాథమిక హక్కేనని తీర్పు చెప్పింది. 2002లో వచ్చిన 86వ సవరణ ఆ హక్కును 21ఏ అధికరణంగా రాస్తూ ఆరు నుంచి పద్నాలుగు ఏళ్లకు కుదించింది. ఆరేళ్ల లోపు వారిని తిరిగి 45వ అధికరణంలోకి, అంటే ప్రభుత్వం ప్రయత్నించవలసిన విషయాల జాబితాలోకి నెట్టింది. హక్కు తెచ్చారని అందరం సంబరపడిన రోజున, దేశంలోని పసిపిల్లలు హక్కుల గడప అవతల మిగిలిపోయారు. వారిలో ఎవరికి డబ్బున్నదో వారికి ప్లేస్కూళ్లు వచ్చాయి.

అంగన్‌వాడీ అన్న పేరు వెనుక ఒక కథ ఉంది. తారాబాయి మోదక్, అనుతాయి వాఘ్ 1940లలో మహారాష్ట్రలోని బోర్డి గ్రామంలో బాలవాడి నడిపినప్పుడు పేద వాడల పిల్లలు అక్కడికి రాలేదు. అప్పుడు వారు బడినే ఆ వాడల ముంగిళ్లలోకి తీసుకువెళ్లారు. అంగణం అంటే ముంగిలి. వెలివేసిన వాడ దగ్గరికి బడి నడిచి వెళ్లాలన్న భావన ఆ పేరులోనే ఉంది. 1975 అక్టోబరు 2న సమీకృత శిశు అభివృద్ధి పథకం మొదలైనప్పుడు ప్రభుత్వం పేరును తీసుకుంది. నడిచి వెళ్లడం మాత్రం చాలాచోట్ల మరిచిపోయింది. కేంద్రం ఊరిలో ఉంటే వాడ పిల్లలకు దూరం, వాడలో ఉంటే ఊరి పిల్లలు రారు. దళిత సహాయకురాలు వండితే తమ పిల్లలను పంపబోమన్న తల్లిదండ్రుల వార్తలు వివిధ రాష్ట్రాల నుంచి ఈనాటికీ వస్తున్నాయి. ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు 2004లోనే ఎస్సీ, ఎస్టీ ఆవాసాలకు అంగన్‌వాడీల మంజూరులో ప్రాధాన్యం ఇవ్వాలని ఆదేశించింది. 2006 డిసెంబరులో మరో అడుగు వేసి, ఆరేళ్ల లోపు పిల్లలు నలభైమంది ఉండి అడిగిన ప్రతి ఆవాసానికీ కేంద్రం ఇవ్వాలని చెప్పింది. అడిగే హక్కు ఉందని విశాఖ మురికివాడలలో ఎంతమందికి తెలుసు? చెప్పవలసిన వారు ఎవరు? మన విద్యార్థి సంఘాలు ఒక సెలవు దినాన వాడకొకరుగా వెళ్లి ఆరేళ్ల లోపు పిల్లలను లెక్కిస్తే, ఆ లెక్కే ఒక వినతిపత్రం అవుతుంది.

పరిశ్రమలలో చట్టం లేక కాదు. 1948 ఫ్యాక్టరీల చట్టం 48వ సెక్షన్ ముప్పై మందికి మించి మహిళలు పనిచేసే కర్మాగారంలో ఆరేళ్ల లోపు పిల్లలకు క్రెష్ ఉండాలంది. భవన నిర్మాణ కార్మికుల చట్టం యాభై మంది స్త్రీలు దాటితే ఉండాలంది. ఈ రెండింటిలో ఉన్న లోపం ఒక్కటే: లెక్కించింది స్త్రీలను. బిడ్డ తండ్రి బిడ్డ తండ్రిగా ఏ రిజిస్టరులోనూ ఎక్కలేదు. ముప్పయ్యొకటో మహిళను తీసుకుంటే ఖర్చు అని యజమాని అనుకునే పరిస్థితిని చట్టమే కల్పించింది. 2017 ప్రసూతి సవరణ చట్టం ఆ తప్పు దిద్ది, ఆడ మగ కలిపి యాభై మంది ఉన్న సంస్థలో క్రెష్ ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చని చెప్పింది. 2025 నవంబరు 21న అమలులోకి తెచ్చిన లేబర్ కోడ్‌లలోనూ ఆ యాభై సంఖ్య నిలిచింది. అయితే అదే కోడ్‌లు కాంట్రాక్టు కార్మికుల నిబంధనలు వర్తించే కనీస సంఖ్యను ఇరవై నుంచి యాభైకి పెంచాయి. నలభై తొమ్మిది మంది చొప్పున పనిని పంచుకునే కాంట్రాక్టర్లు ఇక ఎవరికీ జవాబు చెప్పనక్కరలేదు.

ఉక్కు కర్మాగారం కథను ఈ కోణంలోంచి చూడాలి. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలిచ్చి సాధించుకున్న కర్మాగారం అది. భూములు పోగొట్టుకున్న వేలాది కుటుంబాలకు పునరావాస కార్డులిచ్చారు. కుటుంబానికొక ఉద్యోగం అన్న మాట ఎందరికో నేటికీ మాటగానే మిగిలింది. అందిన ఉద్యోగాలు ఎక్కువగా కొడుకులకు అందాయి. భూమి లేక, ఆ భూములలో కూలి చేసి బతికిన దళిత కుటుంబాలకు పోవడానికి పట్టా కూడా లేదు. అయినా ప్రభుత్వ రంగ సంస్థ కాబట్టి శాశ్వత ఉద్యోగాలలో రిజర్వేషన్ ఉంది. వైద్యశాల, బడి, క్వార్టరు ఉన్న జీవితం కొన్ని వేల దళిత, ఆదివాసీ, బీసీ కుటుంబాలకు మొదటిసారి దక్కింది. 2021 జనవరిలో కేంద్రం నూరు శాతం వాటా అమ్మకానికి ఆమోదం తెలిపినప్పుడు మొదలైన ఆందోళనలో ఉద్యోగాల గురించి, సొంత గనుల గురించి సరిగానే మాట్లాడాం. శాశ్వత ఉద్యోగం స్థానంలో కాంట్రాక్టు పని వచ్చినప్పుడు ఆ ఇంటి బిడ్డకు ఏమవుతుందో అంతగా మాట్లాడలేదు. తండ్రి జీతం తరిగిన నాడు తల్లి పనికి బయలుదేరుతుంది. ఉక్కునగరం అంచున ఉన్న పల్లెలలో ఆమెకు దొరికే పని రిజర్వేషనూ లేనిది, క్రెష్ కూడా లేనిది.

ఫ్యాక్టరీ ఆవరణలో క్రెష్ పెట్టినంత మాత్రాన పని తీరదన్నది కూడా ఒప్పుకోవాలి. ముప్పై నలభై కిలోమీటర్ల దూరం నుంచి తెల్లవారుజామున బస్సులో వెళ్లే తల్లి, ఎనిమిది నెలల బిడ్డను ఆ బస్సులో ఎక్కించగలదా? అచ్యుతాపురంలో 2022లో రెండుసార్లు విషవాయువు లీకై వందలాది మహిళా కార్మికులు ఆసుపత్రుల పాలయ్యారు. ఆ ప్రహరీ లోపలికి బిడ్డను తీసుకురమ్మంటే ఏ తల్లి సాహసిస్తుంది? ఇక చేపలమ్మే స్త్రీకి, ఇంటిపని చేసే స్త్రీకి, తోపుడుబండి నడిపే స్త్రీకి యజమానే లేడు, లేదా ఒకే పూటలో నలుగురు యజమానులు. కనుక ఊయల ఉండవలసిన చోటు వాడ. ఖర్చు భరించవలసినది మాత్రం వాడ కాదు.

ఖర్చు ఎవరిదన్న విషయంపై దాదాపు నూరేళ్ల క్రితమే స్పష్టంగా మాట్లాడిన వ్యక్తి డాక్టర్ అంబేడ్కర్. 1928 జులైలో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి ప్రయోజనాల బిల్లును సమర్థిస్తూ, తల్లికి విశ్రాంతి దక్కడం జాతి ప్రయోజనమని, కాబట్టి ఆ భారంలో పెద్దవంతు ప్రభుత్వం మోయాలని, స్త్రీల శ్రమతో లాభపడుతున్న యజమాని కూడా తన వంతు నుంచి తప్పించుకోజాలడని ఆయన వాదించారు. బిడ్డను కనడం, పెంచడం ఒక స్త్రీ సొంత వ్యవహారం కాదు, సమాజపు ఆర్థిక వ్యవహారం అన్న ఆ దృష్టి నేటి మన ప్రణాళికాకర్తలకు ఇంకా అందలేదు. నిధులు లేవనే మాట కూడా నిలవదు. నిర్మాణ వ్యయంపై ఒక శాతం సెస్సు కార్మికుల సంక్షేమానికి వసూలు చేసే చట్టం 1996 నుంచి ఉంది. ఆ నిధి కార్మికులకు చేరకుండా మూలుగుతున్నదని 2018లో సుప్రీంకోర్టే ఆగ్రహించింది. విశాఖలో ఇప్పుడు లేవబోయే భవనాల సెస్సులో ఒక భాగాన్ని వాడల శిశు సంరక్షణ కేంద్రాలకు కేటాయించడానికి కావలసింది రాజకీయ సంకల్పమే.

ఖర్చు తిరిగి వస్తుందా అన్నవారికి తమిళనాడు జవాబు ఉంది. అక్కడ 320 అంగన్‌వాడీలతో జరిపిన అధ్యయనంలో, వాటిలో సగం కేంద్రాలకు పూర్వ ప్రాథమిక విద్య కోసం మరొక అర్ధపూట కార్యకర్తను చేర్చారు. పిల్లలకు బోధన సమయం రెట్టింపయింది, చదువు మెరుగుపడింది, ఎదుగుదల గిడసబారిన పిల్లల వాటా తగ్గింది. పెట్టిన ఖర్చుకు దీర్ఘకాలంలో 13 నుంచి 21 రెట్ల ప్రయోజనం ఉంటుందని కార్తీక్ మురళీధరన్, ఆయన సహ పరిశోధకులు అంచనా కట్టారు. ఏ డేటా కేంద్రం ఇంత రాబడి హామీ ఇస్తుంది? ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్ల లోపు పిల్లలలో 31 శాతం మంది వయసుకు తగిన ఎత్తు లేరని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. అయితే చౌకగా, నాసిరకంగా చేస్తే ఏమవుతుందో కెనడాలోని క్యూబెక్ నుంచి నేర్చుకోవాలి. 1997లో రోజుకు అయిదు డాలర్ల రుసుముతో అక్కడ మొదలైన శిశు సంరక్షణ తల్లుల ఉద్యోగాలను గణనీయంగా పెంచింది. నాణ్యత కొరవడినందువల్ల పిల్లల ప్రవర్తనలో చెడు ఫలితాలనూ పరిశోధకులు గమనించారు. నాణ్యత అంటే రంగుల గోడలు కాదు, పిల్లవాడిని ఎత్తుకునే మనిషి.

ఆ మనిషికి మనం ఇస్తున్న విలువ ఎంత? 2023 డిసెంబరు 12న రాష్ట్రంలోని అంగన్‌వాడీ కార్యకర్తలు, సహాయకులు సమ్మెకు దిగినప్పుడు కార్యకర్త గౌరవవేతనం 11,500 రూపాయలు, సహాయకురాలిది 7,000. నలభై రెండు రోజుల సమ్మె అది. ప్రభుత్వం కేంద్రాల తాళాలు పగలగొట్టించి, సచివాలయ సిబ్బందిని కూర్చోబెట్టింది. జనవరిలో ఎస్మా ప్రయోగించింది. అత్యవసర సేవ అని చట్టం ప్రయోగించవచ్చు గానీ, ఆ అత్యవసర సేవ చేసేవారిని ఉద్యోగులని మాత్రం పిలవకూడదు! వారికి గ్రాట్యుటీ హక్కు ఉందని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. ‘గౌరవ’ వేతనం అన్న మాటలో పాత వెట్టి వాసన ఉంది. పసిపిల్లల మలమూత్రాలు ఎత్తే పని చేసేది స్త్రీలు కనుక, అందులో సహాయకులు అధికంగా కింది కులాల వారు కనుక, అది నైపుణ్యంగా ఎవరికీ కనబడదు.

అమ్మమ్మలు, నానమ్మలు ఉండగా కేంద్రాలెందుకని అడిగేవారు ఇప్పటికీ ఉన్నారు. వలస వచ్చిన కుటుంబం అమ్మమ్మను శ్రీకాకుళంలో వదిలి వచ్చింది. ఇక్కడే ఉన్న అమ్మమ్మ కూడా, చాలా ఇళ్లలో, ఇంకా రోడ్డు ఊడుస్తూనే ఉంది.

2024లో ముఖ్యమంత్రి ఎక్కువమంది పిల్లలను కనాలని పిలుపునిచ్చారు. ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికలలో పోటీ చేయరాదన్న నిబంధనను ఆ ఏడాది నవంబరులో శాసనసభ తొలగించింది. రాష్ట్రంలో సంతానోత్పత్తి రేటు 1.7కు పడిపోయిన మాట నిజమే. 2025 జూన్‌లో మంత్రివర్గం పనివేళలను రోజుకు తొమ్మిది నుంచి పది గంటలకు పెంచడానికి, స్త్రీలను రాత్రి షిఫ్టులకు అనుమతించడానికి ఆమోదం తెలిపింది. ఈ రెండు నిర్ణయాలనూ పక్కపక్కన పెట్టి చదవండి. ఎక్కువమందిని కనమంటున్నారు, ఎక్కువ గంటలు, రాత్రిళ్లు కూడా పనిచేయమంటున్నారు. మధ్యలో బిడ్డ ఎక్కడుండాలో చెప్పడం లేదు. పది గంటల పనికి, రానుపోను రెండు గంటల ప్రయాణానికి, ఏడు గంటల అంగన్‌వాడీ సరిపోదని తెలియడానికి అర్థశాస్త్రం చదవనక్కరలేదు.

కేంద్ర ప్రభుత్వ మిషన్ శక్తి కింద ‘పాల్నా’ పేరుతో అంగన్‌వాడీలలోనే ఆరు నెలల పసికందు నుంచి పిల్లలను ఉంచుకునే క్రెష్‌లకు నిధులిచ్చే పథకం ఉంది. దాని ప్రకారం కూడా కేంద్రం తెరిచి ఉండేది రోజుకు ఏడున్నర గంటలే. మహా విశాఖ నగరపాలక సంస్థ వచ్చే బడ్జెట్‌లో ఈ పథకానికి సొంత నిధి జతచేసి వేళలను పొడిగించవచ్చు. రెండు షిఫ్టుల కార్యకర్తలను, ప్రభుత్వోద్యోగి స్కేలుపై, రిజర్వేషన్ నియమాలతో నియమించవచ్చు. పారిశుద్ధ్య కార్మికుల వాడలు, గాజువాక, పెదగంట్యాడ నిర్వాసిత కాలనీలు, అచ్యుతాపురం బస్సులు బయలుదేరే కూడళ్లు, పెద్ద నిర్మాణ స్థలాలు మొదటి జాబితాలో ఉండాలి. తొలి కేంద్రాన్ని చేపల రేవు పక్కన తెరవాలి, తెల్లవారుజామున నాలుగు గంటలకు.